తీర్పు చెప్పాక వైరు ముట్టను

విజయవాడ,
13-11-1998, శుక్రవారం

హబీబ్ బావకి సలాం.

నిన్న గురువారం పగలు పదకొండుంబావుకి, వెంకటకృష్ణారావు గారి హాల్లో, ఆయన కొత్తగా తెప్పించిన జపాను సీడీ ప్లేయర్‌కి కుడి చానల్ దెబ్బతిని ఉందని చెప్పాను. ఆరుగురు విన్నారు. ఎవరూ కాదనలేదు. పెట్టె ఈ రోజు లారీ ట్రాన్స్‌పోర్టులో మద్రాసు బయల్దేరింది. వచ్చేది మీ సర్వీస్ సెంటర్‌కే, బహుశా నీ బల్ల మీదకే. అందుకని ముందుగా రాస్తున్నాను.

రావుగారు నీకు గుర్తుండే ఉంటారు. మొవ్వ దగ్గర వరి, ఆ తర్వాత రొయ్యల చెరువులు, ఇప్పుడు బెంజ్ సర్కిల్ వెనక ఇల్లు. ఆయన మేనమామ కూచిపూడిలో నట్టువాంగం పట్టేవాడు. ఆయన తాళాలు వాయించిన పాత టేపుని మద్రాసులో డిస్కుగా చేయించారు. తాళం కొట్టాక ఆ మోత ఎక్కడ ఆగుతుందో వినాలని రావుగారి కోరిక. ఇంట్లో ఉన్న ప్లేయర్‌లో అది మధ్యలో తెగిపోతోందట. బెంజ్ సర్కిల్ షోరూం ద్వారా రెండు పెద్ద యంత్రాలు తెప్పించారు. ఒకటి ఉంచుకుంటారు, ఒకటి తిప్పి పంపుతారు. ఏది ఉంచుకోవాలో నేను చెప్పాలి.

పద్ధతి మామూలే. నేను వరండాలో ఉండగా షోరూం మనిషి ఏసుపాదం యంత్రం తగిలించి, పేరు కనబడకుండా తువ్వాలు కప్పాడు. ఒకదానికి బందరు కాలువ, రెండోదానికి ఏలూరు కాలువ అన్నాను. పేరు తెలిస్తే చెవి పేరునే వింటుంది. ఎడమ స్పీకరు దగ్గర మీటర్ పెట్టి రెండింటి శబ్దం సమం చేశాను. గట్టిగా మోగేది ఎప్పుడూ మంచిదనిపిస్తుంది కాబట్టి అది తప్పదు. ఒక రోజు ఒక్క యంత్రమే, మధ్యలో ఒక రోజు విరామం.

మంగళవారం బందరు కాలువ. గొంతు దగ్గరగా ఉంది, మృదంగం నిండుగా ఉంది. తాళం మోత నేను లెక్కపెడితే నాలుగు దాకా వచ్చి ఆగింది. గురువారం ఏలూరు కాలువ. మృదంగం ఎడమ పక్క, బందరు కాలువ కంటే స్పష్టంగా ఉంది. కుడి పక్క ఉండాల్సిన తాళాలు గోడ అవతల కొట్టినట్టున్నాయి. మోత రెండు కూడా రాలేదు. మూడుసార్లు విన్నాను, మూడుసార్లూ అంతే. తువ్వాలు తీస్తే ఏలూరు కాలువ జపానుది. ఇరవై కిలోల బరువు, డిస్కు పెట్టే సొరుగు చప్పుడు లేకుండా బయటికి వస్తుంది. అంత మంచి పనితనానికి ఇట్లా కావటం చూస్తే దారిలో ఎక్కడో దెబ్బ తగిలిందనిపించింది. అదే మాట అన్నాను.

కుడి పక్క బోర్డు జాగ్రత్తగా చూడు. నీ కంటికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. బుధవారం నాకు జలుబు చేసి చెవి దిబ్బెడేసింది. మా ఆవిడ ఖాసింబీ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. గురువారానికి తల తేలికైంది. అక్కకి సలాం చెప్పు.

నీ బావమరిది
సుభాని

&nbsp;

మద్రాసు,
23-11-1998

సుభానీ,

నీ ఏలూరు కాలువ 18న వచ్చింది. ఊరి పేరు చెన్నై చేసి రెండేళ్ళైనా నువ్వు మద్రాసు అనే రాస్తున్నావు, నేనూ అంతేలే.

ప్లేయర్ మూత తీశాను. లోపల నా పెళ్ళి రోజు మీ ఇల్లంత శుభ్రంగా ఉంది. ఒక్క అతుకు కూడా కదల్లేదు. పరీక్ష డిస్కు పెట్టి కొలిచాను. ఎడమ పక్క రెండు వోల్టులు, కుడి పక్క రెండు వోల్టులు. అడుగు స్వరం నుంచి ఈల దాకా రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండు రోజులు ఆపకుండా మోగించి మళ్ళీ కొలిచాను. అవే అంకెలు.

మూడు ప్రశ్నలు. కుడి ఎడమ వైర్లు అటూ ఇటూ మార్చి చూశావా? కుడి స్పీకరు దగ్గర మీటర్ పెట్టావా? గురువారం బందరు కాలువ మళ్ళీ ఒకసారి వేసి విన్నావా? మూడింట్లో ఏది చేసినా ఈ పెట్టెకి రాను పోను ప్రయాణం తప్పేది.

మామ దగ్గర మనిద్దరం ఒకే బల్ల మీద పని నేర్చుకున్నాం. ఆయన "చెవి ముందు, మీటర్ తర్వాత" అనేవారు. నువ్వు మొదటి సగం పట్టుకున్నావు, నేను రెండో సగం పట్టుకున్నాను. ఆయనకి అల్లుడిని కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

మీ అక్క బందరు హల్వా అడుగుతోంది. పెట్టె తిరిగొచ్చేటప్పుడు దాంతో పంపమని కాదు, ఎవరైనా వస్తుంటే పంపు.

హబీబ్

&nbsp;

విజయవాడ,
27-11-1998

బావా,

ఉత్తరం అందింది. సమాధానాలు వరసగా.

వైర్లు మార్చలేదు. తీర్పు చెప్పాక వైరు ముట్టను. ముడితే నాకే నమ్మకం లేదని ఇంటివాళ్ళకి చెప్పినట్టు. ఈ పదహారేళ్ళలో అది తప్పలేదు, తీర్పూ తప్పలేదు. కుడి స్పీకరు దగ్గర మీటర్ పెట్టలేదు. నాన్న ఎడమ పక్కే కొలిచేవారు, నేనూ అంతే. బందరు కాలువ మళ్ళీ వెయ్యలేదు. ఒక రోజు ఒక్క యంత్రమేనని నేను పెట్టిన నియమం నేనే తప్పను.

నీ అంకెలు నీ గదిలో నిజమే కావచ్చు. చల్లగా ఉన్నప్పుడు అతుకు సరిగ్గానే ఉంటుంది, వేడెక్కితే వదులుతుంది. అది నీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు. అమ్మిన సరుకు బాగానే ఉందని చెప్పటం సర్వీస్ సెంటర్ ఉద్యోగంలో భాగమని తెలుసు. అయినా నాకు రాసేటప్పుడు ఆ మాట అక్కర్లేదు.

ఇక్కడ దీని వల్ల ఒక సంగతి జరిగింది. పెట్టె విమానంలో గన్నవరం దిగితే ఏసుపాదం వెళ్ళి తెచ్చాడు. దారిలో దెబ్బ తగిలిందని నేను అన్న మాట షోరూం యజమాని పట్టుకున్నాడు. అమ్మకాల్లోంచి తీసి ఏసుపాదాన్ని గోడౌన్‌లో కూర్చోబెట్టాడు. సర్వీస్ సెంటర్ రిపోర్టు వచ్చాక విచారణట. కాబట్టి నీ రిపోర్టు తొందరగా, ఉన్నదున్నట్టు రావాలి.

షాపు ఎదురు ట్రాన్స్‌ఫార్మర్ పదిహేను రోజుల నుంచి గుయ్యిమని మోగుతోంది. పని మీద మనసు నిలవటం లేదు. కంప్లయింట్ ఇస్తే లైన్‌మన్ హనుమయ్య వచ్చి దాని కింద అరగంట నిలబడ్డాడు. "ఏం మోగట్లేదు సుభాని గారూ, మీకు రేడియోలు విని విని కరెంటు కూడా వినపడతన్నట్టుంది" అని నవ్వి పోయాడు. కరెంటు వాళ్ళకి అది అలవాటైపోయి ఉంటుంది.

సుభాని

&nbsp;

మద్రాసు,
2-12-1998

సుభానీ,

ఆదివారం పీసీవో నుంచి నీ షాపుకి ఫోను చేశాను. ఖాసింబీ ఎత్తి నీకిచ్చింది. నేను "సుభానీ, నేను హబీబ్‌ని" అన్నాను. నువ్వు "హలో, హలో" అని రెండుసార్లని పెట్టేశావు. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. లైను గాజు పలకలా ఉంది. వెనక సైకిల్ బెల్లు కూడా నాకు వినపడింది. మాట్లాడటం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పొచ్చు. మీ అక్క పక్కనే ఉంది. చూసింది.

అమ్మిన సరుకుని వెనకేసుకొస్తున్నానని రాశావు. ప్లేయర్‌ని మళ్ళీ తీశాను. వేడి గాలి కొట్టి కొలిచాను. చల్లబరిచి కొలిచాను. బల్ల మీద రెండంగుళాల ఎత్తు నుంచి జారవిడిచి కొలిచాను. నాతో పాటు ఇద్దరు ఇంజనీర్లు కూర్చుని రావుగారి డిస్కే విన్నారు. తాళం కుడి పక్క మోగింది. ఆరు లెక్కపెట్టే దాకా మోగింది. ఇంత మంచి యంత్రం ఈ ఏడాదిలో నా బల్ల మీదకి రాలేదు. నీ బందరు కాలువ నాలుగు దగ్గర ఆగిందని నువ్వే రాశావు. న్యాయంగా గెలవాల్సింది ఇది.

ఇక నాకు తోచింది ఒక్కటే. రావుగారింట్లో నువ్వు కూర్చునే ఆ కుర్చీ ఉంది కదా. దాన్ని తిప్పి, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చో. యంత్రానిది తప్పైతే తగ్గేది అదే స్పీకరు. కుర్చీతో పాటు తప్పు కూడా తిరిగిందంటే ఆ తర్వాత నాకు ఉత్తరం రాయనక్కర్లేదు.

హబీబ్

&nbsp;

విజయవాడ,
7-12-1998, సోమవారం

బావా,

నీ ఉత్తరం శనివారం పగలు వచ్చింది. నువ్వు ఎగతాళికి రాశావని తెలుసు. సాయంత్రం ఐదు గంటలకి రావుగారింటికి వెళ్ళాను. ఆయన మొవ్వ వెళ్ళారు. ఆయన భార్య ఛాయాదేవి గారు తలుపు తీశారు. డిస్కు ఒకసారి వింటానంటే హాల్లో ఫాను వేసి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

బందరు కాలువ అక్కడే ఉంది. మంగళవారం నేను బాగుందని చెప్పిన యంత్రం అదే. వేశాను. తాళాలు గోడ అవతల ఉన్నాయి. కుర్చీ తిప్పి స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నాను. తాళాలు ఇవతలికి వచ్చేశాయి, మృదంగం గోడ అవతలికి పోయింది.

అట్లా నాలుగుసార్లు కుర్చీ తిప్పాను. తప్పు కుర్చీతో పాటే తిరిగింది.

ఛాయాదేవి గారు కాఫీ పట్టుకుని ఎంతసేపట్నుంచి నిలబడ్డారో తెలియదు. కుడి పక్కనుంచి వచ్చారు, నాకు వినపడలేదు. "ఒక మాట అడగనా సుభాని గారూ. ఆ రోజు జపాను దాంట్లో మా మామయ్యగారి తాళం నాకు బాగానే వినపడిందండీ. ఈయనకీ వినపడిందట. మీరు లేదన్నారు గదా, మా చెవులకేం తెలుసులే అని ఊరుకున్నాం" అన్నారు. ఆ రోజు ఆరుగురు విన్నారని నీకు రాశాను. ఆరుగురూ అట్లాగే ఊరుకున్నారేమో.

ఆదివారం పగలంతా కరెంటు తీశారు. పేట మొత్తం నిశ్శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్ మోగుతూనే ఉంది. అప్పుడు ఖాసింబీని అడిగాను. తనకి వినపడటం లేదంది. "ఇరవై రోజుల నుంచి ఫోను ఎడం చేత్తో పట్టుకుంటన్నావు. అడిగితే జలుబన్నావు. మొన్న ఆదివారం ఎడం చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, కుడి చెవికి పెట్టుకున్నావు. హబీబ్ అన్నయ్య గొంతు పక్కన నిలబడ్డ నాకు వినపడతంది, నువ్వు హలో హలో అంటన్నావు" అంది. షాపులో పరీక్షకి ఒక్కటే స్పీకరు పెట్టుకుంటానని నీకు తెలుసు. అందుకే అక్కడ తేడా పట్టలేదు.

ఈ రోజు పొద్దున సూర్యారావుపేటలో చెవి డాక్టరుకి చూపించుకున్నాను. గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కో స్వరం వినిపించాడు. కాగితం మీద గీత గీశాడు. ఎడమ గీత పైన ఉంది. కుడి గీత కిందికి దిగిపోయింది, ఈల దగ్గరికి వచ్చేసరికి కాగితం అడుగుకి వెళ్ళింది. జలుబు కాదట. నరమట. ఒక్కొక్కరికి తెల్లారేసరికి ఇట్లా పోతుందట. "ఎప్పుడు మొదలైంది?" అన్నాడు. నవంబరు పదకొండు, బుధవారం అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టి, "మొదటి వారంలో వచ్చి ఉంటే మందుకి అవకాశం ఉండేది" అన్నాడు. మాత్రలు రాశాడు. ఆశ పెట్టుకోవద్దన్నాడు. నేను ట్రాన్స్‌ఫార్మర్ అనుకున్న మోత మటుకు చెవిలో ఉండిపోతుందట.

నాకు మిగిలింది ఒక చెవి. దాంతో రేడియోలు బాగుచేయొచ్చు. రెండు యంత్రాలు పక్కన పెట్టి ఏది మంచిదో చెప్పటం ఇక కుదరదు. ఊళ్ళో వాళ్ళు షాపుకి వచ్చేది ఎందుకో నీకు తెలుసు. బయటికి చెబితే షాపు లేదు. చెప్పకపోతే ఏసుపాదం గోడౌన్‌లోంచి బయటికి రాడు.

నీ మొదటి కొలతలు దాచి ఉంచు. ఉన్నదున్నట్టు రిపోర్టు పంపు, యంత్రంలో లోపం లేదని. మిగతాది నేను చూసుకుంటాను. ఫోను సంగతి ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. నీ మీద కోపం లేదు. ఉన్నది వేరు.

అక్కకి ఒక్కసారే చెప్పకు, మెల్లిగా చెప్పు.

సుభాని

&nbsp;

మద్రాసు,
7-12-1998

సుభానీ,

కుర్చీ గురించి అట్లా రాసి ఉండకూడదు. పోస్టు చేసిన మర్నాటి నుంచి మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది. నేను తినేటప్పుడు ఎదురుగా కూర్చుని గోడ వైపు చూస్తోంది. "ఒక పెట్టె కోసం మా తమ్ముణ్ణి అబద్ధాలకోరుని చేశావు" అనటం ఒక్కటే. రంజాన్ వస్తోంది. ఈ గొడవతో ఉపవాసాల్లోకి వెళ్ళటం నాకూ ఇష్టం లేదు.

అందుకని ఒక పని చేశాను. ఈ రోజు రిపోర్టు రాసి సంతకం చేసి షోరూంకి పంపించాను. ప్రయాణంలో కుదుపు వల్ల కుడి చానల్లో ఒక అతుకు వదిలిందని, దాన్ని సరిచేశామని రాశాను. లేని జబ్బు, చేయని వైద్యం. పదహారేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటిసారి. నీ మాట నిలబడింది. యంత్రం బాగైందని రావుగారు సంతోషిస్తారు. కంపెనీకి ఏమీ పోదు. ఎవరికీ నష్టం లేదు.

పెట్టె 19 శనివారం నాటికి అక్కడికి చేరుతుంది. ఇక దీని గురించి మాట్లాడుకోవద్దు. హల్వా మర్చిపోకు.

హబీబ్

&nbsp;

విజయవాడ,
11-12-1998, శుక్రవారం

బావా,

మన ఉత్తరాలు దారిలో ఎదురెదురుగా పోయాయి. నేను రాసింది ఈపాటికి నీకు అంది ఉంటుంది. నువ్వు రాసింది ఈ రోజు వచ్చింది. నీ రిపోర్టు నిన్ననే షోరూంకి వచ్చింది.

ఎవరికీ నష్టం లేదని రాశావు. నిన్న మూడు గంటలకి ఏసుపాదం మా షాపుకి వచ్చాడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు. "రిపోర్టు వచ్చిందండీ. అతుకు ఊడిందని మద్రాసోళ్ళు రాశారు. మీరు ఆ రోజే చెప్పారు."

నేను, "ఏసుపాదం, పెట్టె నువ్వు ఎక్కడైనా జారవిడిచావా?" అన్నాను.

"లేదండీ. జీపులో వెనక పెడితే ఎగిరి పడుద్దని నా ఒళ్ళో పెట్టుకున్నా. రామవరప్పాడు దగ్గర గుంటలో పడింది జీపు. నేనయితే పట్టుకునే ఉన్నా. పట్టుకునే ఉన్నాననే అనుకున్నా. కానీ మీరు చెప్పారంటే ఉండే ఉంటది గదండీ. ఇప్పుడు మిషను కూడా చెప్పింది. నాకు తెలవకుండా ఎక్కడో తగిలించుంటా."

"నీకు గుర్తు లేకుండా ఎట్లా తగిలిస్తావు?"

"నేను గూడా మా తెరేసమ్మతో అదే అన్నా. ఆవిడేమో, సుభాని గారి చెవి కంటే నీ గుర్తు ఎక్కువా అంది."

తెరేసమ్మ అతని భార్య. పోయినేడు వాళ్ళ పాత టేప్‌రికార్డర్ నేనే బాగుచేశాను.

21 సోమవారం పదకొండు గంటలకి విచారణ. అజాగ్రత్తగా దింపానని రాసి సంతకం పెడితే ఉద్యోగం మాన్పించి ఊరికే పంపించేస్తారట. పెట్టకపోతే సరుకు పాడుచేశాడని పోలీసు కంప్లయింట్ ఇస్తామన్నారట. సంతకం పెడతానన్నాడు. తను చేయని పని చేశానని అతనే నమ్ముతున్నాడు. ముందు నేను చెప్పాను కాబట్టి, తర్వాత నువ్వు రాశావు కాబట్టి.

నేను నిజం చెప్పలేదు, బావా. నోరు తెరిచాను. అతను నా కుడి పక్కన నిలబడి ఉన్నాడు. ఏదో అన్నాడు, నాకు అందలేదు. తిరిగి చూసేసరికి మెట్లు దిగుతున్నాడు. పిలవొచ్చు. పిలవలేదు.

రావుగారు ఇంకో కబురు పంపారు. 20 ఆదివారం పది గంటలకి, బాగైన ఏలూరు కాలువని తన ఇంట్లో అందరి ముందు నేను మళ్ళీ విని చెప్పాలట. స్నేహితుల్ని పిలుస్తున్నారు, పన్నెండు మంది దాకా. కుదరదని చెప్పటానికి కారణం వెతికాను. ఏదీ దొరకలేదు.

నేను ఆదివారం నిజం చెబితే నీ రిపోర్టు అబద్ధమని తేలుతుంది. చెప్పకపోతే సోమవారం ఏసుపాదం సంతకం పెడతాడు. నువ్వు నన్ను కాపాడదామనుకుని తలుపుకి బయట గడియ పెట్టావు.

ఏం చేయమంటావో రాయి. టైముంది, ఎక్కువ లేదు.

సుభాని

&nbsp;

మద్రాసు,
15-12-1998

సుభానీ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివాక రెండు రోజులు నేను పనికి వెళ్ళలేదు. కుర్చీ తిప్పమని నేను రాసిన తారీఖు చూసుకున్నాను. డిసెంబరు రెండు. నవంబరు 23న నాకు అంకెలు తెలుసు. చెవి చూపించుకోమని అప్పుడే ఒక్క మాట రాసి ఉంటే పన్నెండో రోజు. అప్పటికైనా ఆలస్యమేనేమో, నాకు తెలియదు. నేను రాసింది మామ గురించి, నా హక్కు గురించి.

రిపోర్టు సంగతి. దాన్ని వెనక్కి తీసుకోవటం కుదరదు. కింద నా సంతకం, పైన మేనేజరు సంతకం. చేయని రిపేరు చేశానని రాశాక, చేయలేదని రాస్తే ఆ సాయంత్రానికి నా బల్ల మీద వేరేవాడు ఉంటాడు. నాకు నలభై నాలుగు. ఇది కాక నాకు తెలిసిన పని లేదు.

ఏసుపాదం కుర్రవాడు కాదు కానీ, తెలివైనవాడని నువ్వే చాలాసార్లు రాశావు. మద్రాసులో మా ఎరికలో మూడు షోరూంలు ఉన్నాయి. నేను చెప్పి పెట్టిస్తాను. అతనికి ఉద్యోగం, నీకు పేరు, నాకు ఇల్లు. ఆదివారం యంత్రం బాగుందని చెప్పు. అది అబద్ధం కూడా కాదు, నిజంగానే బాగుంది. నీకు వినపడనక్కర్లేదు.

ఇంతకంటే నాకు తోచలేదు.

హబీబ్

తమ్ముడూ, ఈయన ఉత్తరం అంటించే ముందు నేను తీసి రాస్తున్నాను. అబద్ధాలకోరు అన్నది నేనే, ఆ రిపోర్టు రాయించింది నేనే. ఆయన కొలతల పుస్తకం ఇంట్లో బీరువాలో ఉంది. నవంబరు 19, 21, 30 తారీఖుల అంకెలు, పక్కన ఆయన పొట్టి సంతకం. మూడు రోజుల నుంచి దాన్ని తీసి చూసి మళ్ళీ పెడుతున్నాడు. చింపటం లేదు. నాకు తెలిసింది ఇది. కుడి చెవి వైపు దిండు పెట్టుకుని పడుకో, మోత తగ్గుతుందని ఇక్కడ ఒకావిడ చెప్పింది.
గుల్షన్

&nbsp;

విజయవాడ,
17-12-1998, గురువారం

బావా,

ఇది కొరియర్‌లో పంపుతున్నాను. రేపు సాయంత్రానికి నీ చేతిలో ఉంటుందని రాసిచ్చారు.

యంత్రం బాగుందని చెప్పు, నీకు వినపడనక్కర్లేదు అన్నావు. ఉత్తరం అందిన దగ్గర్నుంచి అదే ఆలోచించాను. చెప్పగలను. మీటర్ చూసి చెప్పొచ్చు, రావుగారి ముఖం చూసి చెప్పొచ్చు. ఆ తర్వాత ఇంకో ఇంటివాళ్ళు పిలుస్తారు, అక్కడా చెప్పాలి. ఎవరి ముఖం చూసి చెబుతున్నానో వాళ్ళకి తెలియకుండా ఎంతకాలమైనా సాగుతుంది. ఆ పన్నెండో తారీఖు ఆరుగురు చేసింది అదే. వాళ్ళకి తాళం వినపడింది, నా ముఖం చూసి వినపడలేదనుకున్నారు.

ఏసుపాదానికి మద్రాసులో ఉద్యోగం వేయిస్తానన్నావు. అతను అజాగ్రత్త మనిషినని సంతకం పెట్టి వస్తాడు. ఆ మాట నమ్ముతూ వస్తాడు. ప్రతి పెట్టె ఎత్తేటప్పుడూ భయపడతాడు.

నిన్న పొద్దున ఖాసింబీని తీసుకుని అతని ఇంటికి వెళ్ళాను. తెరేసమ్మ కుర్చీ వేసింది. డాక్టరు కాగితం చూపించి రెండు గీతలూ ఏమిటో చెప్పాను. ఏసుపాదం కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు. "అయితే నేను పట్టుకునే ఉన్నానండీ?" అన్నాడు. అవునన్నాను. అదే మాట మళ్ళీ అడిగాడు. తర్వాత, "మరి మద్రాసు రిపోర్టు?" అన్నాడు. అది రాసినవాళ్ళే చెప్పాలన్నాను. సోమవారం దాకా దేని మీదా సంతకం పెట్టొద్దని చెప్పి వచ్చాను.

ఆదివారం ఏం చేస్తానో రాస్తున్నాను, నీకు తెలియాలి కాబట్టి. తువ్వాలు కప్పను. రెండు స్పీకర్ల దగ్గరా మీటర్ పెట్టి, అంకెలు రావుగారితోనే చదివిస్తాను. తర్వాత కుర్చీలో కూర్చుని వింటాను, కుర్చీ తిప్పి వింటాను, ఏ పక్క వినపడలేదో రెండుసార్లూ చేత్తో చూపిస్తాను. అప్పుడు వైర్లు నా చేత్తో ఊడదీసి మారుస్తాను. తీర్పు చెప్పాక వైరు ముట్టటం నాకు మొదటిసారి. చివరికి నవంబరు పన్నెండున తప్పు ఎక్కడుందో చెబుతాను.

మరి రిపోర్టులో అతుకు ఊడిందని ఎట్లా వచ్చిందని ఎవరో ఒకరు అడుగుతారు. షోరూం యజమాని కూడా వస్తున్నాడు, ఆయనే అడుగుతాడు. నేను అబద్ధం చెప్పను. నీ పేరూ ఎత్తను. ఈ రెండూ కలిపి ఎట్లా చేయాలో నాకు తెలియలేదు. అక్కడ నేను నోరు మూసుకుంటే సోమవారం వాళ్ళు రిపోర్టునే నమ్ముతారు. చెవిటివాడి మాట కంటే కంపెనీ కాగితం గట్టిది. ఆ ప్రశ్నకి సమాధానం ఉన్నది నీ బీరువాలో.

నిన్ను రమ్మనటం లేదు. నీకు నలభై నాలుగు, నాకు నలభై రెండు, ఎవరి బల్ల వాళ్ళకి కావాలి. వివరాలు మాత్రం రాస్తాను. శనివారం రాత్రి అక్కడ రైలెక్కితే తెల్లారేసరికి ఇక్కడ దిగొచ్చు. నెలవంక కనబడితే ఆదివారం మొదటి ఉపవాసం, తెల్లవారుజామున సహర్ భోజనం రైల్లోనే చేయాల్సి వస్తుంది, అక్కతో కట్టించుకో. ఐదున్నర నుంచి నేను స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. నువ్వు వచ్చినా రాకపోయినా ఏడు దాకా ఉంటాను. వస్తే ఎడమ పక్కనుంచి పిలువు.

హల్వా కొని పెట్టాను, అక్కకి.

ఆదివారం పది గంటలకి మొదలు. స్పీకర్ల ముందు ఎప్పుడూ ఒక్క కుర్చీయే వేస్తారు. ఈసారి రెండు వేయమని ఛాయాదేవి గారికి చెప్పాను. రెండోది నా ఎడమ పక్కన.

సుభాని